ఊరు మారి బతికిన చేప

మొదటి రోజు

కైకలూరులో పుట్టి, కొల్లేటి గాలి పీలుస్తూ పెరిగి, పదకొండేళ్ళుగా టోక్యోలోని నిషికసాయి పేటలో కాపురముంటున్న నేను, ఒక చేపను చూసి వస్తాను, ఐదు రోజులు సెలవు కావాలని అడిగితే మా పై అధికారి నన్ను ఎగాదిగా చూశాడు. పట్టడానికా అన్నాడు, కాదన్నాను. తినడానికా అన్నాడు, అదీ కాదన్నాను. చేప పేరు కునిమాసు అని చెప్పిన తరువాత మాత్రం ఇంకేమీ అడగకుండా సెలవు చీటీ మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఉత్తరాన అకితా ప్రిఫెక్చరులోని (ప్రిఫెక్చరు అంటే మన రాష్ట్రం లాంటిది) తజావా అనే ఒకే ఒక్క సరస్సులో పుట్టి, 1940 తరువాత అక్కడ మచ్చుకైనా మిగలకుండా పోయి, అంతరించిన జీవుల పట్టికకెక్కి, డెబ్బై ఏళ్ళు గడిచాక 2010లో, దాదాపు 500 కిలోమీటర్ల దూరాన, ఫుజి పర్వతం నీడలోని సాయికో అనే మరొక సరస్సులో బయటపడిన చేప అది. ముందు దానిని పోగొట్టుకున్న చోటు, ఆపైన అది దొరికిన చోటు, ఈ వరుసలోనే చూడాలని నా పట్టుదల.

అక్టోబరు మూడో వారంలో ఒక శనివారం ఉదయం ఎర్రరంగు కొమాచి రైలెక్కాను. మోరియోకా దాకా మరో రైలుతో జతకట్టి బాణంలా దూసుకుపోయిన ఈ బండి, అక్కడ జత విడిపోయి, ఆపైన మామూలు పట్టాల మీద, ఎర్రబారుతున్న కొండల నడుమ, ఎదుటి బండికి దారి ఇస్తూ నింపాదిగా నడిచింది. టోక్యో నుంచి మూడు గంటల లోపే తజావాకో స్టేషనులో దిగాను. అక్కడి నుంచి సరస్సు గట్టుకు బస్సులో పావుగంట కూడా పట్టదు. సరస్సు చుట్టూ తిప్పి తెచ్చే బస్సు వేరే ఉంది. గోడ మీది పట్టికలో మామూలు రోజుల వరుస చూసుకుని తీరుబడిగా టీ తాగి వచ్చేసరికి, సెలవు రోజుల వరుస ప్రకారం ఆ బస్సు వెళ్ళిపోయి చాలాసేపయింది. పదకొండేళ్ళుగా జపాను బస్సుల్లో తిరుగుతున్నవాడిని చేయవలసిన పొరపాటు కాదు. చేసేది లేక ఒక సైకిలు అద్దెకు తీసుకున్నాను. గట్టు వెంట చుట్టుకొలత దాదాపు 20 కిలోమీటర్లు. తొక్కిన తరువాత తెలిసింది, ఈ సరస్సును చూడవలసింది ఇలాగేనని.

తజావా జపానులో అన్నిటికన్నా లోతైన సరస్సు. లోతు 423 మీటర్లు. నీటిమట్టం సముద్రానికి 249 మీటర్ల ఎత్తున ఉంటే, అడుగు మాత్రం సముద్రమట్టం కన్నా 170 మీటర్లకు పైగా కిందికి ఉంది. అగ్నిపర్వతం లోపలికి కూలిన గుంటలో నిలిచిన నీరు కనుక ఆకారం ఇంచుమించు గుండ్రంగా, పళ్ళెంలా ఉంటుంది. కొల్లేరు వంటి సరస్సును చూసిన కళ్ళకు ఇది సరస్సులా అనిపించదు. మా కొల్లేరు ఎండాకాలంలో మనిషి నడిచి దాటగలిగినంత పలచగా పరుచుకుని, తూడు, గుర్రపుడెక్క, తుంగ, కొంగలు, పెలికాన్లతో కిటకిటలాడుతుంది. ఇక్కడ ఒక్క నాచు తీగ లేదు, ఒక్క పురుగు తేలడం లేదు. గట్టు దగ్గర లేత ఆకుపచ్చగా మొదలైన నీరు పది అడుగులు దాటేసరికి నీలిమందు కలిపినంత నీలంగా మారిపోతుంది. సైకిలు ఆపి చాలాసేపు చూశాను. అంత అందమైన నీరు నేను చూడలేదు. అందులో ఏమీ బతకలేదు కాబట్టే అంత తేటగా ఉందేమోనన్న అనుమానం పడమటి గట్టుకు చేరేసరికి గట్టిపడింది.

పడమటి గట్టున కతాజిరి అనే చోట, నీటిలో దిమ్మ మీద బంగారు పూత పూసిన తాత్సుకో విగ్రహం ఉంది. శిల్పి ఫునాకోషి యాసుతాకె 1968లో చేసిన కంచు ప్రతిమ. తాత్సుకో అనే పల్లెపడుచు తన అందం ఎన్నటికీ చెడకూడదని కన్నోన్ దేవతను వేడుకున్నదట. దేవత చూపిన ఊట నీరు తాగగా, ఎంత తాగినా దాహం తీరక, చివరకు డ్రాగన్‌గా మారి ఈ సరస్సుకు అధిదేవత అయిందట. దిమ్మ చుట్టూ జానెడేసి చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. పిల్లలు మేత విసురుతుంటే ఎగబడుతున్నాయి. చేపలే లేవన్నారు కదా అని ఒక్క క్షణం తడబడ్డాను. అవి ఉగుయి అనే రకం, ఆమ్లపు నీటిని ఓర్చుకోగల మొండి చేపలు. ఒకప్పటి చేపల కొలువులో మిగిలింది దాదాపు అవే. దోసిలితో నీరు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఏ రుచీ లేదు, చల్లగా ఉంది. పైపొరలో పీహెచ్, అంటే ఆమ్లాన్ని తెలిపే కొలత, 5 చుట్టుపక్కల ఉంటుందని చదివాను. మునుపు 7కు దగ్గరగా ఉండేది. ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదింతలవుతుంది. అది మన నాలుకకు పట్టదు, చేప మొప్పలకు పడుతుంది.

రెండవ రోజు

కునిమాసు కోసమే కట్టిన ప్రదర్శనశాల ఒకటి సరస్సు గట్టున 2017 జూలైలో తెరిచారు. చిన్న భవనం, చెక్క వాసన. నేను వెళ్ళేసరికి నలుగురైదుగురు కన్నా లేరు. లోపలికి అడుగుపెట్టగానే చేప తొట్టి వైపు పోకుండా ముందు పాత వస్తువులు చూడమని అక్కడి ఉద్యోగిని సలహా ఇచ్చింది. మంచి సలహా.

మొదట చూసింది ఒకే మాను తొలిచి చేసిన పడవ. తజావా జాలరులు వేటకు ఇలాంటివే వాడేవారు. మా కొల్లేటి లంకల్లో తాటి మానును నిలువునా చీల్చి గుజ్జు తీసి చేసే దోనెను చూసినవాడిని కనుక ఆ పడవ అంచు మీద గొడ్డలి గాట్లు చూడగానే ఎవరో ఎరిగినవారి ఇంటికి వచ్చినట్లయింది. అయితే మా దోనె మోకాటి లోతు నీటిలో గెడ వేసి నెట్టుకుపోయేది. ఇక్కడ అదే పడవలో కూర్చుని, ఏడాది పొడవునా, మంచు కురిసే నెలల్లో కూడా, నీటిలో పదుల మీటర్ల లోతుకు వల దింపి పైకి లాగేవారు. సరస్సు లోతు వల్ల చలికాలంలో గడ్డకట్టదు. హచిరో సరస్సులోని డ్రాగన్ పురుషుడు చలికాలమంతా తాత్సుకో దగ్గర కాపురముంటాడు కాబట్టి గడ్డకట్టదని ఊరివాళ్ళ మాట. ఆ హచిరో సరస్సును కూడా 1957 తరువాత ఎండగట్టి వరి పొలాలు చేశారు. అది వేరే కథ, అయినా ఈ ప్రాంతంలో బియ్యం కోసం నీటిని ఎంత దూరం తరమగలరో చెప్పడానికి పనికివస్తుంది.

కునిమాసు పుట్టుకకూ ఆ పురాణంలోనే చోటుంది. కూతురిని వెదుక్కుంటూ రాత్రివేళ కాగడా పట్టుకుని వచ్చిన తాత్సుకో తల్లి, డ్రాగన్‌గా మారిన బిడ్డను చూసి, దుఃఖంతో చేతిలోని కొరివిని నీటిలోకి విసిరితే, ఆ కాలిన కట్టె కొస చేపగా మారి ఈదుకుంటూ పోయిందట. అందుకే ఆ చేప నల్లగా ఉంటుందని, దాని పాత పేరు కినోషిరిమాసు, అంటే కట్టెకొస మాసు అని చెబుతారు. మాసు అంటే సాల్మన్, ట్రౌట్ చేపల కుటుంబానికి ఇక్కడ వాడే పేరు. తరువాత ఈ నేలను ఏలిన సతాకె ప్రభువు దాని రుచికి మెచ్చి తన రాజ్యపు చేప అన్నాడని, ‘కుని’ అంటే రాజ్యం కనుక అప్పటి నుంచి కునిమాసు అయిందని ఇంకో మాట. ఏది నిజమైనా, ఒక్క చేపకు ఒక షో బియ్యం ఇచ్చి కొనేవారన్నది అందరూ చెప్పే సంగతి. షో అంటే మన లెక్కలో కిలోన్నర బియ్యం. బాలింతలకు, జబ్బు మనుషులకు, పండుగ విందులకు తప్ప జాలరి తన ఇంట్లో వండుకునే చేప కాదు. గోదావరి జిల్లాల్లో పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కదా, ఆ మాట అకితా కొండల్లో ఈ చేప మీద పుట్టి ఉండాల్సింది.

1925లో శాస్త్రజ్ఞులు దీనికి ఒంకోరింకస్ కవామురే అనే పేరు పెట్టి ప్రత్యేక జీవిగా వర్ణించారు. ఆ పేరు క్యోటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కవామురా తామిజి మీద వచ్చింది. బహుశా ఎప్పుడో సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చి ఈ గుంటలో చిక్కిపోయిన సాకై సాల్మన్ జాతి వంశం. మిగతా బంధువులన్నీ ఏడాదిలో ఒక్క కాలంలో, లోతు తక్కువ నీటిలో గుడ్లు పెడితే, ఇది ఎవరికీ పోటీ లేని చీకటి లోతుకు దిగి, ఋతువుల జాడ తెలియని చల్లని నీటిలో, ఏడాదిలో ఏ నెలలోనైనా గుడ్లు పెట్టడం నేర్చుకున్నది. చాలా లోతైన, చాలా చల్లని, కలుషితం కాని ఒక్క సరస్సును నమ్ముకుని ఒక చేప తన బతుకు మొత్తం మార్చుకుంది. మా కొర్రమీను కొల్లేటిలో తగ్గినా మరో చెరువులో దొరుకుతుంది. దీనికి మరో చెరువు లేదు.

గాజు పెట్టెలో కొన్ని పాత కాగితాలు ఉన్నాయి. 1930ల్లో ఇక్కడి చేపపిల్లలను పొదిగించే కేంద్రం నుంచి కునిమాసు గుడ్లను దేశంలోని ఇతర సరస్సులకు పంపిన లెక్కలు ఒక జాలరి కుటుంబం దాచి ఉంచింది. 1935లో సాయికోకు వెళ్ళినవి 1,00,000 గుడ్లు. ఇది జాతిని కాపాడాలని చేసిన పని కాదు. విలువైన చేప కాబట్టి తమ సరస్సులోనూ పెంచుకుందామని అవతలివాళ్ళు అడిగి తెప్పించుకున్నారు, అంతే. ఒక చోటి చేపను మరో చోట వదలడం సాధారణంగా చెడునే తెస్తుంది. మన చెరువుల్లో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చేసిన నాశనం చూశాం కదా. తప్పు పని ఒకటి ఈ ఒక్కసారి రక్షగా నిలిచింది.

ఆ కాగితాలు బయటపడ్డాకే, అవతలి సరస్సుల్లో ఎక్కడైనా మిగిలి ఉండవచ్చునన్న ఆశతో స్థానిక పర్యాటక సంఘం 1995లో కునిమాసు పట్టి తెచ్చినవారికి 10 లక్షల యెన్లు ఇస్తామని ప్రకటించింది. తరువాత బహుమతిని 50 లక్షలకు పెంచింది. ప్రకటన మీద తప్పిపోయిన మనిషి కోసం వేసినట్లే బొమ్మ వేశారు. జపాను నలుమూలల నుంచి చేపలు వచ్చాయి. ఒక్కటీ కునిమాసు కాదు. 1998 చివరకు వెతుకులాట ముగించారు.

చివరకు తొట్టి. దీపాలు బాగా తగ్గించిన గది, చల్లటి నీరు, అద్దం మీద ఆవిరి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కొంతసేపు పట్టింది. జానెడుకు కొంచెం పైగా ఉన్న చేపలు, ఆలివ్ పచ్చదనం కలిసిన నలుపు. వీపు మీద ట్రౌట్‌కు ఉండే చుక్కలు లేవు. కన్ను పెద్దది. ఒకటి అద్దం దగ్గరికి వచ్చి, నోరు తెరుస్తూ మూస్తూ, తోక కొద్దిగా ఆడిస్తూ నిలిచిపోయింది. దాని మొప్ప మూత అంచున లేత వెలుగు గీత ఒకటి కదలడం చూస్తూ నిలబడ్డాను. ఈ చేపలు ఇక్కడివి కావు. ఫుజి పక్కన యమనాషి ప్రిఫెక్చరు కేంద్రంలో పెంచినవాటిని ఇక్కడికి తెచ్చి చూపుతున్నారు. తొట్టికీ సరస్సుకూ మధ్య ఒక గోడ, కొంత గట్టు. ఆ గట్టు దాటించి వదిలితే మాత్రం బతకవు.

రాత్రి నాన్న ఫోను చేశాడు.

“ఏరా, చూశావా?”

“చూశాను నాన్నా.”

“ఎంతుంది?”

“జానెడున్నర ఉండదు నాన్నా. నల్లగా ఉంది.”

“పులస కన్నా రుచా?”

“తిననివ్వరు నాన్నా.”

“తిననివ్వని చేపను చూడ్డానికి అంత దూరమా!” అని నాన్న నవ్వి, కొల్లేటిలో ఈ ఏడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పడం మొదలుపెట్టాడు.

మూడవ రోజు

ఈ చేపను చంపినదాన్ని చూడాలంటే కొండ ఎక్కాలి. తజావాకో స్టేషను నుంచి తామగావా వేడినీటి బుగ్గలకు బస్సులో గంటకు పైగా పడుతుంది. ఈసారి పట్టిక రెండుసార్లు చదివి ఎక్కాను. దారి పొడవునా ఆకులు ఎరుపు, పసుపు. అందరూ కిటికీల నుంచి ఫొటోలు తీస్తున్నారు. నేను కింద లోయలో పారే తామా నదిని చూస్తూ కూర్చున్నాను. చాలా చోట్ల రాళ్ళ మీద పాచి కనిపించదు.

బుగ్గల దగ్గర దిగగానే కుళ్ళిన గుడ్డు వాసన. ఓబుకి అనే ఒకే ఒక్క ఊట నుంచి నిమిషానికి 9,000 లీటర్ల నీరు, 98 డిగ్రీల వేడితో, కుతకుత ఉడుకుతూ నేల చీల్చుకుని వస్తుంది. ఒకే ఊట నుంచి ఇంత వేడినీరు జపానులో మరెక్కడా రాదు. దాని పీహెచ్ 1.2. నిమ్మరసం కూడా ఇంత ఘాటు కాదు. అందులో ప్రధానంగా ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మన కడుపులో ఊరేదే. పసుపురంగు గడ్డలు కట్టిన చెక్క కాలువల్లో నీరు పొగలు కక్కుతూ పారుతుంటే, పక్కన వెచ్చటి రాళ్ళ మీద చాపలు పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని, పదులకొద్దీ మనుషులు పడుకుని ఉన్నారు. వారిలో చాలామంది క్యాన్సరు రోగులు. ఇక్కడి రాతిలో కొద్దిపాటి రేడియోధార్మికత ఉందని, అది మేలు చేస్తుందని నమ్మి వస్తారు. ఆ నమ్మకం మీద నాకు చెప్పడానికేమీ లేదు. కానీ వారి పక్క నుంచి నడిచేటప్పుడు నా బూట్ల చప్పుడు నాకే ఎక్కువగా వినిపించింది.

స్నానశాలలో ఊటనీటికి సగం మామూలు నీరు కలిపిన తొట్టి, ఏ నీరూ కలపని అచ్చమైన ఊటనీటి తొట్టి వేరువేరుగా ఉన్నాయి. మొదటిదానిలో ఐదు నిమిషాలు కూర్చునేసరికి పొద్దున గడ్డం గీసుకున్న చోటల్లా కారం రాసినట్లు మండింది. లోహపు వస్తువులు తీసి రమ్మని గోడ మీద రాసి ఉంది. ఉంగరం, గడియారం తీశాను గానీ మొలతాడు సంగతి మరిచాను. బయటకు వచ్చేసరికి అమ్మ కట్టిన వెండి మొలతాడు బొగ్గులా నల్లబడింది. పక్కన ఒళ్ళు తుడుచుకుంటున్న ముసలాయన దానిని చూసి తల పంకించాడు. తాగడానికి పలచగా కలిపిన నీరు కూడా ఒక చోట ఉంది. ఒక గుక్క తాగి వెంటనే నోరు పుక్కిలించమని, లేకపోతే పళ్ళ పింగాణీ చెడుతుందని హెచ్చరిక. చింతపండు పులుపులా లేదు, ఇనుప మేకు నాకినట్లు ఉంది.

ఈ నీరే తామా నదిలో కలిసి, దిగువ పల్లెల పొలాలను శతాబ్దాల తరబడి పాడుచేసింది. అక్కడివారు దీనిని తామగావా విషపు నీరు అనేవారు. చేపలు లేవు, వరి సరిగా పండేది కాదు. 19వ శతాబ్దంలోనే కొందరు ఈ నీటికి విరుగుడు కోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. కాబట్టి 1930ల చివర, యుద్ధపు రోజుల్లో, కరెంటుకూ తిండిగింజలకూ ప్రభుత్వం ఆత్రపడుతున్నప్పుడు వేసిన పథకం అప్పటివారికి ఎంత తెలివైనదిగా తోచిందో ఊహించుకోగలను. నదిని తజావా సరస్సులోకి మళ్ళించాలి, అంత పెద్ద సరస్సులో ఆమ్లం పలచబడుతుంది, అక్కడి నుంచి నీరు కిందికి దూకుతూ విద్యుత్తు పుట్టిస్తుంది, ఆపైన పొలాలకు పారుతుంది. ఒకే దెబ్బకు మూడు పనులు. సరస్సులోని చేపలు చనిపోతాయని తెలియక చేసింది కాదు. తెలిసే చేశారు. సొరంగాల తవ్వకంలో కొరియా నుంచి తెచ్చిన కూలీలు కూడా పనిచేశారు. 1939లో సరస్సు గట్టున ఒక కన్నోన్ విగ్రహం నిలిపి, తాత్సుకో ఆత్మకూ చేపల ఆత్మలకూ శాంతి కోరారు. చేపలు ఇంకా బతికే ఉన్నాయి అప్పటికి. 1940 జనవరిలో నీరు వదిలారు. కొద్ది కాలంలోనే అంతా అయిపోయింది.

చావుకు ముందే శ్రాద్ధం పెట్టారన్న ఆలోచన దారి పొడవునా నన్ను వదలలేదు. ఆ అధికారులను తిట్టడం తేలిక. కానీ కొల్లేటిలో చేపల చెరువులు తవ్వుకున్నవారిలో మా బంధువులూ ఉన్నారు, 2006లో ప్రభుత్వం ఆ గట్లను కొట్టేస్తున్నప్పుడు ఏడ్చినవారిలోనూ ఉన్నారు. బియ్యం కోసం, డబ్బు కోసం నీటిని మరో పనికి మళ్ళించినవాళ్ళు చెడ్డవాళ్ళే అయి ఉంటే ఈ లెక్క ఎప్పుడో తేలిపోయి ఉండేది.

బుగ్గలకు కొంచెం దిగువన ఆమ్లాన్ని విరిచే కేంద్రం ఉంది. 1972లో సున్నపురాయి వాడకంతో మొదలైన ప్రయత్నం, 1989 అక్టోబరులో ఈ కేంద్రం పనిచేయడంతో పెద్ద ఎత్తుకు చేరింది. పెద్ద తొట్లలో సున్నపురాయి ముక్కలు నింపి, ఊటనీటిని వాటి మధ్య నుంచి పోనిస్తారు. రాయి బుస్సుమని నురగ కక్కుతూ కరుగుతుంది, నీటి పీహెచ్ 3.5 దాటుతుంది. రాయి తరిగిన కొద్దీ లారీలు కొత్త రాయి తెచ్చి పోయాలి. పగలూ రాత్రీ, ఎండా మంచూ, ఆపడానికి వీల్లేదు. ఓబుకి ఊట ఆగదు కదా. 423 మీటర్ల లోతు నీరు మునుపటిలా మారడానికి ఎన్ని లారీల రాయి, ఎన్ని తరాలు కావాలో లెక్క వేయబోయి మానుకున్నాను.

నాలుగవ రోజు

రోజంతా ప్రయాణమే. కొమాచిలో టోక్యోకు, అక్కడి నుంచి షింజుకు మీదుగా కవాగుచికోకు. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు, కనుక కునిమాసు దొరికిన కథ ఇక్కడే చెప్పేస్తాను.

2010లో క్యోటో విశ్వవిద్యాలయంలోని చేపల శాస్త్రవేత్త నకాబో తెత్సుజి, కునిమాసు రంగుల బొమ్మ ఒకటి కావాలని సకానా-కున్‌ను అడిగాడు. సకానా-కున్ అంటే చేపబ్బాయి. పెట్టెలాంటి ఒళ్ళు గల ఒక రకం ఫుగు చేప ఆకారపు టోపీ తీయకుండా టీవీలో చేపల గురించి చెప్పే మనిషి, చేయి తిరిగిన చిత్రకారుడు కూడా. ఫార్మాలిన్‌లో వెలిసిపోయిన నమూనాలు చూసి గీయడం ఇష్టం లేక, దగ్గరి బంధువైన హిమెమాసు చేపలను రకరకాల చోట్ల నుంచి తెప్పించుకున్నాడు. సాయికో నుంచి వచ్చిన పెట్టెలో కొన్ని నల్లగా ఉన్నాయి. అనుమానపడి నకాబోకు చూపించాడు. మొప్ప లోపలి పళ్ళలాంటి ముళ్ళు లెక్కపెట్టి, పేగు దగ్గరి తిత్తులు లెక్కపెట్టి, ఆపైన జన్యు పరీక్ష చేసి, ఆ డిసెంబరులో ఇవి కునిమాసులే అని ప్రకటించారు. 50 లక్షల యెన్లు పెట్టి వెతికితే దొరకనిది ఒక బొమ్మ కోసం తెప్పించిన పెట్టెలో వచ్చింది.

అదే నెల 23న తన పుట్టినరోజు సందర్భంగా చక్రవర్తి అకిహితో ఈ చేపను ప్రస్తావించాడు. ఆయన స్వయంగా గోబీ చేపల మీద పరిశోధన చేసిన మనిషి. 12 ఏళ్ళ వయసులో చదివిన ఒక పుస్తకంలో, ఆమ్లపు నీటి వల్ల తజావా కునిమాసు త్వరలో అంతరిస్తుందని రాసి ఉందని గుర్తుచేసుకున్నాడు. అది చదివిన పిల్లవాడికి 77వ ఏట, ఆ చేప బతికే ఉందన్న కబురు అందింది.

ఐదవ రోజు

కవాగుచికో స్టేషను నుంచి సాయికో వెళ్ళే బస్సు సగం ఖాళీ. విదేశీ పర్యాటకులంతా ఫుజి బాగా కనబడే చోట్ల దిగిపోయారు. సాయికో చిన్న సరస్సు, లోతు 70 మీటర్ల పైచిలుకు, తజావాలో ఆరో వంతు. 864లో మొదలైన ఫుజి పేలుడులో లావా వచ్చి ఒక పెద్ద సరస్సును పూడ్చి ముక్కలు చేస్తే మిగిలిన ముక్కల్లో ఇదొకటి. ఒడ్డున నల్లటి లావా రాళ్ళు, వాటి మీద అడవి. అక్కడి గబ్బిలాల గుహ దగ్గర కునిమాసు ప్రదర్శన గది ఉంది, 2016 నుంచి. తొట్టిలో మళ్ళీ అవే చేపలు, మళ్ళీ అదే మసక వెలుగు.

ఇక్కడి జాలరులు ఈ చేపను ఏనాడూ పోగొట్టుకోలేదు. తరాలుగా వలలో, గాలానికి పడుతూనే ఉంది. దానిని కురోమాసు, నల్లమాసు అని పిలిచి, గుడ్ల కాలానికి నల్లబడిన హిమెమాసు అనుకున్నారు. ఒక ఊళ్ళో విగ్రహం పెట్టి ఏడ్చిన చేప, మరో ఊళ్ళో పొయ్యి మీద వేగుతూనే ఉందన్నమాట. అసలు పేరు తెలియకపోవడమే దానిని కాపాడిందేమో అని నాకు తోచింది. తెలిసి ఉంటే ఆ బహుమతి రోజుల్లో ఎందరు వచ్చి పడేవారో.

సాయికోలో అది 30, 40 మీటర్ల లోతున, నాలుగు డిగ్రీల చల్లని నీటిలో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. ఆ చోట వేట నిషేధించారు. యమనాషి కేంద్రంలో కృత్రిమంగా పిల్లలను పుట్టించి పెంచుతున్నారు. టోక్యో సముద్ర విజ్ఞాన విశ్వవిద్యాలయంలో దాని బీజకణాలను గడ్డకట్టించి దాచి, అవసరమైతే హిమెమాసు కడుపున కునిమాసు పుట్టించే పద్ధతి మీద పని సాగుతోంది. రెండు సరస్సులూ అక్కచెల్లెళ్ళమని ఒప్పందం రాసుకున్నాయి. ఇంత చేసినా పర్యావరణ శాఖ పట్టికలో 2013 నుంచి దీని హోదా అంతరించినదనే ఉంది, కాకపోతే ‘సహజ స్థానంలో అంతరించినది’ అని. సాయికో నీటిలో స్వేచ్ఛగా ఈదుతూ, గుడ్లు పెడుతూ, పిల్లలను కంటున్నా, అది దాని ఊరు కాదు కనుక ఆ బతుకు లెక్కలోకి రాదు. మొదట ఈ లెక్క నాకు అన్యాయంగా తోచింది. తజావా నీరు నాలుక మీద వేసుకుని చూసినవాడికి ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆ మాట తీసేస్తే తామగావా దగ్గర లారీలు ఎవరి కోసం రాయి మోస్తున్నాయో జనం మరిచిపోతారు.

మధ్యాహ్నం ఒడ్డున కూర్చున్నాను. హిమెమాసు వేట కాలం కావడంతో అద్దె పడవలు చాలా ఉన్నాయి. ఒక పడవ ఒడ్డుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తలకు ఉన్ని టోపీ, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు. చూడవచ్చా అని అడిగితే బకెట్టు నా ముందు దించాడు. వెండిలా మెరిసే చేపలు ఏడెనిమిది, వాటి కింద అడుగున ఒకటి, మిగతావాటికన్నా ముదురు రంగుది.

“ఇది నల్లది కదండీ?” అన్నాను.

ఆయన రెండు చేతులూ ముందు నీటిలో తడుపుకుని, దానిని మెల్లగా ఎత్తి వెలుగుకు పట్టాడు. వీపు మీద చుక్కలు ఉన్నాయా లేవా అని ఇద్దరం వంగి చూశాము. ఒక పక్క ఉన్నట్లు కనిపించాయి, తిప్పితే లేనట్లు. మొప్ప ముళ్ళు లెక్కపెడితే తప్ప తేలదు, లెక్కపెట్టాలంటే చంపాలి.

“ఏమో, చెప్పలేను. మీరు చెప్పగలరా?” అన్నాడు.

“లేదండీ.”

ఆయన మళ్ళీ ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని, చేతుల మధ్య దానిని నీటిలో ఉంచాడు. అది కొంతసేపు పక్కకు ఒరిగి, మొప్పలు బరువుగా ఆడించింది. పొలుసు మీద ఆకు నీడ లాంటి పచ్చదనం ఒకసారి కనబడింది. తరువాత నిటారుగా నిలబడి, తోక ఒక్కసారి విదిలించి, లావా రాళ్ళ మీదుగా లోతు వైపు దిగిపోయింది. ఆయన చేతులు తుడుచుకుని, మిగతా చేపలు లెక్కపెట్టుకుని, బకెట్టు మీద మూత పెట్టాడు.